దించిన బండికి తూకం

మా అత్తగారికి ముగ్గురు కొడుకులు. ఒక్కడికీ లారీ పడదు. పెద్దాయనకి ఎత్తంటే భయం. మా ఆయన క్యాబిన్ ఎక్కితే మొదటి మలుపు దాటకముందే కడుపులో తిప్పుతుందంటాడు; అందుకే హాయిగా కళ్ళద్దాల దుకాణం పెట్టుకున్నాడు. చిన్నవాడికి స్టీరింగ్ పట్టుకుంటే నిద్రొస్తుంది, నిద్రపోతే మెలకువ రాదు. అలా ఆవిడ జీవితమంతా లారీ తోలి రోడ్ల మీద సంపాదించిన విద్య కొడుకులెవరికీ అక్కర్లేక, కోడలినైన నా ఒళ్ళో వచ్చి పడింది.

పడింది అన్నానే గానీ, నిజానికి నాకు దక్కింది పక్క సీటు. లైసెన్సు వచ్చింది, చేతులకి బలమొచ్చింది, ఆవిడ పనిచేసే లారీ కంపెనీ బట్టలొచ్చాయి. అయినా ఎప్పుడైనా స్టీరింగ్ నా చేతికిచ్చిందంటే "గేరు మార్చు", "అద్దం చూడు", "అలా కాదే, మీ అమ్మ నీకు చీపురు పట్టుకోవడం కూడా నేర్పలేదా" అనే మాటలే. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇద్దరినీ పగలల్లా ఒకే క్యాబిన్‌లో కూర్చోబెట్టాక ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ బండిలో లేరు.

ఇంతలో కంపెనీకి కొత్త బండి వచ్చింది. కొత్తదంటే ఇంకా సీట్ల మీద ప్లాస్టిక్ కాగితం తియ్యనిది. దాన్ని నాకివ్వమని మేనేజరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకు సిగ్గూ మొహమాటం తక్కువ. ఆయన కాసేపు పెన్నుతో చెవి గోక్కుని ఒక షరతు పెట్టాడు.

"ఒక నిండు లోడు నువ్వే నడపాలి, అంతా నీ ఆలోచన మీదే జరగాలి. ఏది ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పాలి. దారిలో చెక్‌పోస్టు కాటా మీద పట్టుబడకూడదు. సరుకు వేళకి చేరాలి. మీ అత్తగారు పక్కన కూర్చుంటారు గానీ నోరు విప్పరు. చివర్లో ఆవిడ సరే అంటే బండి నీది. కాదంటే ఇంకో ఏడాది పక్క సీటే."

మా అత్తగారు నోరు విప్పకుండా ఉండడమే అన్నిటికంటే కష్టమైన షరతు అని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంకో ఏడాది ఆ పక్క సీటులో కూర్చుంటే నేను మనిషిగా మిగలనని మాత్రం నాకొక్కదానికే తెలుసు.

లారీ సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మాది రెండు ముక్కల బండి. ముందు ఇంజను బండి, దాని వీపు మీద తల ఆనించిన పొడుగాటి ట్రైలర్ డబ్బా. ఇరుసులు మూడు చోట్ల ఉంటాయి. స్టీరింగ్ కింద ఒకటి. ఇంజను బండి వెనక వైపు రెండు, వాటిని మేం నడిపే జంట అంటాం. ట్రైలర్ వెనక మరో రెండు, అది తోక జంట. బండి మొత్తం బరువుకి ఒక హద్దు, ఒక్కో చోటికి మళ్ళీ విడిగా ఒక హద్దు. మొత్తం సరిపోయినా ఒక జంట మీద బరువు హద్దు దాటిందంటే చెక్‌పోస్టులో బండి పక్కన పెట్టేస్తారు. ఆ పైన ఏడ్చినా వదలరు. అయితే తోక జంటని డబ్బా కింద వరసగా రంధ్రాలున్న పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరపొచ్చు. జరిపి పిన్నులు బిగిస్తే బరువు ఇటునుంచి అటు సర్దుకుంటుంది. లారీ నడపడంలో సగం పని ఈ సర్దుబాటే, సంసారంలో లాగే.

ఆ రోజు సరుకు రెండు చోట్లకి. మొదటి చోట ఇనప మేకుల పెట్టెలు దించాలి, రెండో చోట గచ్చు పలకలు. మొదట దించేది తలుపుల దగ్గరుండాలి కాబట్టి పలకలు ముందూ మధ్యా పేర్పించి, మేకుల పెట్టెల్ని అన్నిటికంటే వెనక, తోక జంట చక్రాలకి కూడా వెనక, తలుపులని ఆనించి పెట్టించాను. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయన చేత ఒక వరుస మూడు సార్లు మార్పించాను. మూడోసారి ఆయన మా అత్తగారి వంక జాలిగా చూశాడు. ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుని, నన్ను అడక్కు బాబూ అన్నట్టు తల ఊపింది.

మా యార్డు కాటా మీద బండి ఎక్కించాం. స్టీరింగ్ ఇరుసు బాగుంది. తోక జంట బాగుంది. నడిపే జంట హద్దుకి చిటికెడు తక్కువలో ఆగింది. అంత నిండుగా, అంత సరిగ్గా ఎక్కించిన లోడు చూసి నాకే దిష్టి తగులుతుందేమో అనిపించింది. క్యాబిన్‌లో ఒక గాలి ముల్లు ఉంటుంది. నడిపే జంట గాలి సంచుల మీద కూర్చుంటుంది. పైన బరువు పెరిగే కొద్దీ సంచుల్లో ఒత్తిడి పెరుగుతుంది, ముల్లు పైకి లేస్తుంది. ఆ ముల్లు ఆగిన చోట, అద్దం మీద, నా గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టాను.

"వంటగది గోడకి ముగ్గులు వేసినట్టు ఏమిటా సోకు?" అంది అత్తగారు.

"మీరు నోరు విప్పకూడదు."

"చుక్క గురించి మాట్లాడితే అది లోడు గురించి మాట్లాడినట్టా?"

మేకుల గోదాముకి పొద్దెక్కేసరికి చేరాం. మాకంటే ముందు ఒక నీలం లారీ అక్కడే సగం సరుకు దించి బయల్దేరింది. మావీ దించారు. తలుపులు వేసి, గొళ్ళెం పెట్టి, క్యాబిన్ ఎక్కి ఇంజను తిప్పాను. గాలి నిండింది. బండి కుదురుకుంది. నేను బ్రేకు తియ్యబోతూ అలవాటు కొద్దీ ముల్లు వంక చూశాను.

ముల్లు చుక్క దాటి పైన ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఇంజను ఆపి, మళ్ళీ తిప్పి చూశాను. కొద్దో గొప్పో కాదు, చుక్కకీ ముల్లుకీ మధ్య వేలు పట్టేంత సందు. పొద్దున ఆ చుక్క దగ్గరే హద్దుకి చిటికెడు దూరంలో ఉన్నాం. ఇప్పుడు ఆ చిటికెడూ పోయి ఎక్కడో ఉన్నాం.

"ఏమే, తాపీగా కూర్చున్నావు? రెండో చోట భోజనాల వేళకి గేటు మూసేస్తారు. తర్వాత పోతే రేపటిదాకా రోడ్డు మీదే" అంది అత్తగారు.

"అత్తయ్యా, ముల్లు చూడండి."

"చూశాను. ఎండకి గాలి వేడెక్కి ఉంటుంది. ఆ ముల్లుని నమ్ముకున్నవాళ్ళెవరూ బాగుపడలేదు."

"బరువు పెరిగింది."

"దేనికి పెరుగుతుందే? మేకులన్నీ నీ కళ్ళ ముందేగా దించారు! ఎక్కించినప్పుడు తూచాం. దించిన బండికి తూకమేమిటి? ఇన్నేళ్ళ సర్వీసులో దించిన బండికి తూకం వేసినవాళ్ళని నేను చూడలేదు."

ఆవిడ అబద్ధమాడటం లేదు. ఆవిడ సర్వీసంతా ఒక చోట ఎక్కించి ఒక చోట దించే సరుకే మోసింది. దించాక ఆవిడ వెనక ఉండేది ఖాళీ డబ్బా. సగం దించిన బండితో చెక్‌పోస్టు దాటాల్సిన అవసరం ఆవిడకి పెద్దగా రాలేదు. నాకూ రాలేదు. అందుకే నిండు బండి గురించి రోజుల తరబడి ఆలోచించి, కలలో కూడా పెట్టెలు సర్ది, దించిన తర్వాత ఆ బండి ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే మర్చిపోయినట్టుంది నా తెలివి. ముల్లు ఎందుకు లేచిందో నా మీద నాకొచ్చిన ఆ కోపంలోనే తెలిసింది.

ఇక్కడ కాటా లేదు. తర్వాతి కాటా చెక్‌పోస్టుదే, అక్కడ తూచేది మమ్మల్ని పట్టుకోవడానికి. ఇప్పుడు ఆగి తోక జంటని జరిపితే ఆలస్యమవుతుంది. ముల్లు అబద్ధమైతే ఆ ఆలస్యంతో గేటు మూసేస్తారు, కొత్త బండి పోతుంది. ముల్లు నిజమై నేను ఆగకపోతే చెక్‌పోస్టులో బండి పోతుంది. ఎటు పోయినా పక్క సీటు నా కోసం చాప పరుచుకుని ఎదురుచూస్తోంది.

"అత్తయ్యా, కావడి చూశారా మీరు?"

"చూశాను. మా తాత మోసేవాడు. దానికీ దీనికీ ఏమిటి?"

"కావడిలో వెనక కుండ దించేస్తే ముందు కుండ ఏమవుతుంది?"

"నేల మీదకి దిగుతుంది. పిచ్చి ప్రశ్న."

"బరువు తగ్గింది కదా మరి? దిగడమెందుకు?"

ఆవిడ భుజం తడుముకుంది. "కావడికి భుజముంది. లారీకి భుజమేదీ?"

"తోక జంటే భుజం. మేకులు ఆ చక్రాలకి వెనక ఉన్నాయి. అవి వెనక వేలాడినంత సేపూ ముందు వైపుని కాస్త పైకెత్తి పట్టుకున్నాయి. వాటిని దించేశాం. డబ్బా తల ఇప్పుడు పూర్తిగా వచ్చి నడిపే జంట మీద కూర్చుంది."

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. ఆవిడకి నచ్చని మాట ఏదైనా వింటే ముందు కిటికీలోంచి చూస్తుంది. "ఏమో. నాకైతే నమ్మకం లేదు. పోదాం పద. ఆలస్యమైతే అదీ నీ మీదకే వస్తుంది."

"నా మీదకే రానివ్వండి" అని తలుపు తీసి దూకాను. ఎంత ధైర్యంగా అన్నానో అంత భయంగానూ ఉంది.

తోక జంట పక్కన చేతిపిడి ఉంటుంది. దాన్ని లాగితే నాలుగు పిన్నులు లోపలికి పోవాలి. లాగాను. మూడు పోయాయి. నాలుగోది కదల్లేదు. మళ్ళీ లాగాను. కాలు తన్నిపట్టి లాగాను. పెట్టెలోంచి సుత్తి తెచ్చి కొట్టాను. అత్త మీది కోపం దుత్త మీద చూపించమన్నారు పెద్దలు. లారీలో దుత్త ఉండదు కాబట్టి పిన్ను మీద చూపించాను. గోదాములోని కూలీలు పని ఆపి చూస్తున్నారు. పిన్ను మాత్రం నన్ను పట్టించుకోలేదు.

పిన్ను రంధ్రంలో ఒరుసుకుని బిగిసింది. బండిని పిసరంత ముందుకీ వెనక్కీ ఊపుతుంటే ఒరుపు సడలుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఎవరో పిడి లాగి ఉంచాలి. నేను క్యాబిన్‌లో ఉంటే పిడి దగ్గర ఎవరు? నేను అడగబోయేలోపే అత్తగారు కిందికి దిగి, కొంగు నడుముకి చుట్టి, రెండు చేతులా పిడి పట్టుకుంది.

"మీరు సాయం చెయ్యకూడదేమో అత్తయ్యా!"

"మాట్లాడొద్దన్నాడు. పట్టుకోవద్దనలేదు. ఎక్కు!"

"చేతులు చక్రానికి దూరంగా పెట్టండి!"

"నాకు చెబుతున్నావా? నాకు?"

ఎక్కాను. ట్రైలర్ చక్రాలకి బ్రేకు బిగించాను. తోక జంట క్యాబిన్ వైపు రావాలంటే బండిని వెనక్కి నడపాలి: చక్రాలు ఉన్నచోటే నిలబడతాయి, పైనున్న డబ్బా వాటి మీదుగా వెనక్కి జారుతుంది. కొత్తవాళ్ళందరూ ఇక్కడే తడబడి ముందుకి లాగేస్తారు. నేను అద్దంలో అత్తగారి చెప్పులు చూసుకుంటూ, క్లచ్ మీద కాలు తేలిగ్గా ఆనించి, పిసరు వెనక్కి, పిసరు ముందుకి, మళ్ళీ పిసరు వెనక్కి ఊపాను.

"టక్" మంది. ఆ చప్పుడు నాకు కాళ్ళలోంచి తెలిసింది.

"వచ్చింది! వచ్చిందే!" అని అరిచింది అత్తగారు. "రా, వెనక్కి రా!"

"మీరు మాట్లాడకూడదు!"

"నోర్మూసుకుని వెనక్కి రా!"

నాలుగు రంధ్రాల దూరం జరిపాను. ఎన్ని రంధ్రాలనేది నా అంచనా. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. పిన్నులు తిరిగి బిగించి, ట్రైలర్ బ్రేకు తియ్యకుండానే ముందుకి ఒకసారి గుంజి చూశాను, కదల్లేదు. దిగి వెళ్ళి నాలుగు పిన్నులూ కళ్ళతో చూశాను. నా వెనకే అత్తగారూ వంగి చూసింది. నా మాట నమ్మదు కదా మరి. పైకెక్కి ఇంజను తిప్పి గాలి నిండేదాకా ముల్లునే చూస్తూ కూర్చున్నాను.

ముల్లు మెల్లగా లేచి, చుక్క దాకా రాకుండానే ఆగిపోయింది.

నేను హారన్ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాను. కూలీలు ఉలిక్కిపడ్డారు. సంతోషం వస్తే హారన్ కొట్టడం తప్పని ఏ రూల్లో ఉందో నాకు తెలీదు.

"తోక మీద ఎక్కువైపోతే?" అంది అత్తగారు బండి రోడ్డెక్కాక. ఆవిడ పూర్తిగా లొంగలేదింకా.

"బండి మొత్తం బరువు తగ్గింది. నడిపే జంట దాదాపు పొద్దుటి చోటికే వచ్చింది. ఇంక తోక మీద మిగిలేది పొద్దుటికంటే తక్కువే అవ్వాలి, ఇంకెక్కడికి పోతుంది?"

"నాలుక పదునే" అంది. తిట్టో మెచ్చుకోలో అర్థం కాలేదు. ఆ విద్యలో ఆవిడ దిట్ట.

చెక్‌పోస్టు వచ్చింది. పేరుకి ఒక రేకుల గది, దాని ముందు పొడుగాటి కాటా, ఒక స్తంభానికి ఎర్ర దీపం, పచ్చ దీపం. స్టీరింగ్ ఇరుసు ఎక్కించాను. పచ్చ. నడిపే జంట ఎక్కించాను. ఏ దీపమూ వెలగలేదు. గదిలోంచి కాటా ఆయన బయటికి వచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా వంక చూశాడు.

"మేకుల గోదాములో దించి వస్తున్నారా?"

"అవునండీ."

"సరుకు సగం దించారు కదా. మరి తోక ఎందుకు జరిపారు?" ఆయన పట్టాల మీద కొత్తగా మెరుస్తున్న గీతల వంక చూపించాడు.

ఇది ఉచ్చు అనుకున్నాను. అయినా ఉన్నదే చెప్పాను. "వెనక బరువు దించితే ముందు బరువెక్కిందండీ. అందుకని."

ఆయన లోపలికి పోయాడు. దీపం వెలిగింది. పచ్చ. తోక జంట కూడా ఎక్కించాను. పచ్చ. తర్వాత స్పీకర్లోంచి ఆయన గొంతు వినిపించింది: "ఆ గోదాము నుంచి వచ్చినవాళ్ళలో ఈ వారం నేను వదిలింది మిమ్మల్నే. వెళ్ళండి."

కాటా దిగిన చోట, కంచె పక్కన, పొద్దుటి నీలం లారీ నిలబడి ఉంది. దాని డ్రైవరు చక్రానికి ఆనుకుని కూర్చుని ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు. అత్తగారు కిటికీ దించి, "ఏమయ్యా, ఏమైంది?" అని అడిగింది.

"దించిన బండే కదా అని వచ్చేశానమ్మా. నడిపే జంట మీద ఎక్కువుందట. తగ్గించిన బరువు ఎక్కువెలా అవుతుందో ఆ దేవుడికే తెలియాలి."

నాలాంటిది అక్కడ నోరు మూసుకుంటుందా? "కావడిలో వెనక కుండ దించితే..." అని మొదలుపెట్టాను. అత్తగారు నా మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. "గేటు మూసేస్తారు. నడుపు." తర్వాత అతని వైపు తిరిగి, "తోక జంటని ముందుకి నాలుగు రంధ్రాలు జరిపి మళ్ళీ తూకానికి పెట్టు నాయనా" అని చెప్పింది. నేను చెప్పబోయిందే.

రెండో చోట కాపలావాడు గేటు సగం వేసి ఉన్నాడు. మమ్మల్ని చూసి విసుక్కుంటూ మళ్ళీ తెరిచాడు. పలకలు దించుతుండగా అత్తగారు ఫోను తీసి, మేనేజరుకి చేసి, నేను వినాలనే కాబోలు స్పీకర్లో పెట్టింది.

"ఏమ్మా, ఏమంటారు మీ కోడలి గురించి?"

"కొత్త బండి తాళం దానికిచ్చెయ్."

"అంత తొందరా? లోడు బాగా ఎక్కించిందా?"

"ఎక్కించడం ఎవరైనా ఎక్కిస్తారు. దించాక చూసింది. నేను చూడలేదు. పోదాం పదమన్నాను, ముల్లు అబద్ధమన్నాను. నా మాట వినుంటే ఈపాటికి చెక్‌పోస్టులో కంచె పక్కన కూర్చుని ఉండేవాళ్ళం."

అటు నుంచి మేనేజరు నవ్వాడు. "అంటే మీరు నోరు విప్పారన్నమాట."

"విప్పాను. అందుకు నాకేదైనా శిక్ష వేసుకో. తాళం దానిది."

నేను ఆ పక్కనే నిలబడి అంతా విన్నాను. ఇంట్లో గానీ, రోడ్డు మీద గానీ ఆవిడ నోట నా గురించి అంత పొడుగు మంచి మాట ఎప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పలకలు దించే ఆయన భయపడి, "ఏమైనా పగిలిందా అమ్మా?" అని అడిగాడు.

తిరిగి వస్తుంటే డబ్బా ఖాళీగా గలగలమంటోంది. చాలా దూరం అత్తగారు గేరు మార్చమనలేదు, అద్దం చూడమనలేదు. ఒంట్లో బాగోలేదేమో అని నాకు దిగులేసింది కూడా. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది.

"ఏమే, వెనకవి కాకుండా, డబ్బా మధ్యలోవి ముందు దించాల్సి వచ్చిందనుకో. అప్పుడు?"

"పరీక్ష అయిపోయిందిగా అత్తయ్యా!"

"పరీక్ష కాదే" అంది ఆవిడ. "తెలియకే అడుగుతున్నా."

నేను బండి వేగం తగ్గించాను. ఆవిడకి సరిగ్గా వినిపించాలని కిటికీ అద్దం కూడా పైకెత్తాను. మధ్యలోవి దించితే అటూ ఇటూ రెండు చోట్లా తగ్గుతుందని, జరపక్కర్లేదని చెప్పాను. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. దానికీ చెప్పాను. మా యార్డు గేటు వచ్చేదాకా ఆవిడ అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.